ఒకే మంచంమీద ఇద్దరు

పిల్లల వార్డులో ఉన్నంతకాలం ఆమెకు ఇంత తికమక ఉండేది కాదు. గుక్కపట్టి ఏడ్చే బిడ్డకంటే నోరెత్తని బిడ్డను ముందు చూడాలి, అంతే. అందరూ 'పిల్లల సిస్టర్' అనేవాళ్లు. బాలింతల వార్డుకు మార్చినా ఆ పేరు వదల్లేదు, కంటికి పాత అలవాటూ వదల్లేదు. ఇక్కడ మంచానికి ఇద్దరేసి రోగులు, తల్లీ బిడ్డా. ఎవరిని ముందు చూడాలో తేల్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చేది.

ఆ మధ్యాహ్నం కిటికీ పక్క మంచం దగ్గర్నుంచి ఒక అమ్మమ్మ గాభరాగా వచ్చింది. పొద్దున ప్రసవించిన కూతురికి తోడున్నావిడ.

"సిస్టరమ్మా, పిల్ల పాలు పట్టడంలేదు. ఇలా నోట్లో పెడితే అలా వదిలేస్తోంది. దీని తల్లయితే పుట్టగానే నన్ను పీల్చి పిప్పి చేసింది!"

సిస్టర్ పిల్లను ఎత్తుకుంది. ఒళ్లు వెచ్చగా ఉంది, రంగు బాగుంది. పెదవికి వేలు తగిలిస్తే గబుక్కున అందుకుంది. మడమనుంచి రక్తపు చుక్క తీసి చూస్తే చక్కెరా సరిపడా ఉంది. మరెందుకు వదిలేస్తున్నట్టు? డాక్టరమ్మను పిలుద్దామా అంటే ఏమని చెప్పడం? బాగున్న పిల్ల బాగాలేదనా?

"నువ్వెలా ఉన్నావమ్మా?" అని మాటవరసకు తల్లినడిగింది.

"బాగానే ఉన్నానక్కా. దాహంగా ఉంది, అంతే. ఫ్యాన్ కాస్త పెంచరూ?"

పిల్లను ఆమె ఒడిలో పెట్టి, అక్కడే నిలబడి చూసింది. పిల్ల చక్కగా పట్టింది. కాసేపటికి జారిపోయింది. వదిలేసింది పిల్ల కాదు, తల్లి చెయ్యే సడలిపోతోంది.

ఆ చెయ్యి పట్టుకుంటే చల్లగా, చెమటగా తగిలింది. నాడి పరుగులు పెడుతోంది. ప్యాడ్ చూస్తే పెద్దగా తడవలేదు. ఇదేమిటి మళ్లీ? పొట్టమీద చెయ్యి వేసింది. బంతిలా గట్టిగా తగలాల్సిన గర్భసంచి పిండిముద్దలా మెత్తగా ఉంది. నడుం కిందికి చెయ్యి పోనిస్తే, వెనక్కి కారిన రక్తంతో దుప్పటి తడిసి ముద్దయి ఉంది.

"పిల్లను మీరు తీసుకోండి!" అని అమ్మమ్మకు చెప్పి, పొట్టను గట్టిగా రుద్దుతూ కేకేసింది. "డాక్టరుగారూ, త్వరగా రండి! బాలింతకు రక్తం పోతోంది!"

డాక్టరమ్మ పరుగున వచ్చి సూదిమందు ఇచ్చింది, సెలైను పెట్టించింది, లోపల మిగిలిపోయిన మాయముక్కను తీసేసింది. సాయంత్రానికి నాడి కుదుటపడింది.

"పిల్లకు బాగాలేదని నేను పిలిస్తే, తల్లికి బాగాలేదని మీకెలా తెలిసిందమ్మా?" అంది అమ్మమ్మ.

"తెలీలేదండీ. నేనూ పిల్లనే చూస్తూ ఉన్నాను, జారింది మీ అమ్మాయి చెయ్యి."

ఈ జవాబేమిటో అమ్మమ్మకు బోధపడలేదు. సిస్టర్‌ తల్లి మోచేతి కింద దిండు పెట్టి పిల్లను పట్టుకుంది. ఈసారి పిల్ల కళ్లు మూతలు పడేదాకా పాలు వదల్లేదు.