బెల్లం నీళ్లలో ఉడికిన బ్యాక్టీరియా

ఈ రోజు పొద్దున హసన్‌పర్తిలో మా బావ చేనుకు వెళ్లాను. ఆయన అశ్వగంధ వేస్తాడు. పోయినేడు వేర్లు సన్నగా ఉన్నాయని, వాటిలో మందు గుణమే లేదని కొనేవాళ్లు సరుకు తిప్పి పంపారు. ఈసారీ అంతే అయితే భూమిని ప్లాట్లవాళ్లకు ఇచ్చేస్తానని బావ తేల్చేశాడు. కాలేజీలో పనిచేసే మేడం ఒకావిడ జాలిపడి, మేలు చేసే బ్యాక్టీరియా పొడి ఒక ప్యాకెట్ ఇచ్చింది. బెల్లం నీళ్లు కాచి, అందులో కలిపి విత్తనాలకు పట్టిస్తే వేరు లావెక్కుతుందట, మందు గుణమూ పెరుగుతుందట.

విత్తడం అయిపోయాక మేడం ఫోన్ చేసింది. బావ స్పీకర్ పెట్టాడు.

“బెల్లం నీళ్లు చల్లారినంకనే పొడి కలిపిన్రు కదా?”

“లేదు మేడం, పొయ్యి మీదున్నప్పుడే ఏసి మస్తు మసలబెట్టిన. అండ్ల ఖరాబు క్రిములేమన్న ఉంటె సావాలె గదా!”

“అయ్యో, మంచియి గూడ అన్నీ చచ్చిపోతయి కదండీ. నా దగ్గర ఇంకో ప్యాకెట్ కూడా లేదు” అంది.

కరోనా వచ్చిపోయినప్పటి నుంచి మా బావ చేతికి దొరికిందల్లా మరిగిస్తాడు. నన్నొక్కడినే వదిలేశాడు.

ఫోన్ పెట్టేసి గట్టు మీద కూలబడ్డాడు. “బామ్మర్దీ, ఒకటో రెండో అన్న బతికుంటయా?” అని అడిగాడు.

రోజూ అబద్ధాలతో వాడకట్టంతా ఆటపట్టించే నాకు, ఆ ఒక్క అబద్ధం నోటికి రాలేదు. మీరైతే ఏం చెప్పేవారు? జర రాయండి. ఆయన ఇంకా జవాబు కోసమే చూస్తున్నాడు.