కార్డు లేని తల

ఆ వీధిలో ఆమెని అందరూ తలల డాక్టరు అనేవాళ్ళు. వేళాకోళానికే అనుకోండి, అయినా ఆవిడ కాదనేది కాదు. రెండు కుర్చీలు, ఒక బేసిను, ఆవిరి మిషను, మందునీళ్ళలో నానే తోకదువ్వెనల సీసా. పంతొమ్మిదేళ్ళుగా ఆ పార్లరే ఆమె రాజ్యం. చుండ్రయినా దురదయినా పొలుసులయినా నెలకోసారి రమ్మనేది. అసలు పని మాత్రం ఇంట్లోనే జరగాలనేది.

"నేను చూసేది గంటసేపు. మిగతా నెలంతా ఆ తల మీ చేతుల్లోనే ఉంటుంది" అని మొదలెట్టిందంటే ఇక ఆపడం ఎవరి తరం కాదు. నూనె గోరువెచ్చగా ఉండాలి. వేలికొసలతోనే రాయాలి, గోళ్ళు తగిలాయో చంపేస్తుంది. తడిజుట్టు ముడేసుకుని పడుకోకూడదు. దువ్వెన వారానికోసారి సబ్బునీళ్ళలో వేయాలి. ఇంటిల్లిపాదీ ఒకే దువ్వెనతో దువ్వుకునేవాళ్ళు తన గడప తొక్కొద్దు. మాట పెడచెవిన పెట్టి వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి మరీ దులిపేసేది. కోపం ముక్కు మీదే, చెయ్యి మాత్రం వెన్న.

ఆమెకో పద్ధతుంది. మనిషికో కార్డు. దానిమీద గుండ్రంగా తల బొమ్మ. పాపిడి తర్వాత పాపిడి తీస్తూ వెతికి, పుండో పొక్కో కనిపించినచోట బొమ్మ మీద చుక్క పెట్టి తేదీ వేస్తుంది. ఒకేచోట మూడు నెలలు వరసగా తేదీ పడితే ఇక ఆ తల ముట్టదు. "ఇది నా పని కాదమ్మా. ముందు చర్మం డాక్టరుకి చూపించుకోండి" అని పంపించేస్తుంది. అలా వెళ్ళిన ఒకావిడ మళ్ళీ రాలేదు. ఆవిడ పోయిందని ఏడాది తర్వాత తెలిసింది. పారేయడానికి చేతులు రాక ఆ కార్డు డబ్బా అడుగునే ఉంచింది.

అన్ని కార్డుల్లోనూ లేనిది ఆమె సొంత అక్క కార్డొక్కటే. "మనింటి తలకి కార్డేంటి, విడ్డూరం కాకపోతే!" అనేది. అక్క ఇరవై రెండేళ్ళు పార్కింగ్ గేటు దగ్గర ఎండలో నిలబడి చీటీలు చింపిన మనిషి. పార్లరు మీది రెండు గదుల్లో ఇద్దరూ ఉంటారు. ఆమెకంటూ మిగిలింది ఆ అక్క ఒక్కతే. నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం షట్టరు సగం దించి అక్క తల పట్టుకునేది.

ఒక ఆదివారం నడినెత్తికి కాస్త కుడివైపు చిన్న పెచ్చు కనిపించింది.

"గోకావు కదూ?"

"గోకలేదే తల్లీ."

"మరి ఆకాశం నుంచి ఊడిపడిందా? ఈ సీసాలో నూనె రోజూ రాయి."

మర్నెల మళ్ళీ పెచ్చే. "నీతో నా తల ప్రాణం తోకకొస్తోంది! చెప్పింది చెప్పినట్టు చేస్తే ఎందుకు మానదు?"

"రాస్తూనే ఉన్నానే" అని అక్క నవ్వింది. చెల్లెలు నమ్మలేదు. ఆ పై నెలా తిట్టింది, ఇంకో సీసా చేతిలో పెట్టింది. తర్వాత్తర్వాత తిట్లూ సీసాలూ నెలనెలా జరిగే తంతైపోయాయి.

మొన్న ఆదివారం అక్కే అడిగింది. "ఊళ్ళో వాళ్ళందరికీ రాస్తావు, నేనేం పాపం చేశాను? నాకూ ఓ కార్డు రాయవే."

సరేనని నవ్వుతూ కొత్త కార్డు తీసి, దువ్వెన తోకతో నుదుటి నుంచి పాపిడి తీసింది. తోక తిన్నగా వెళ్ళి, ఒకచోట తనంతట తానే పక్కకి తిరిగి, చుట్టుకుపోయి, మళ్ళీ తిన్నగా సాగింది. ఆమె తిప్పలేదు. మళ్ళీ తీసి చూసింది. మళ్ళీ అక్కడే మలుపు.

ఒక్కరోజులో చేతికి అలవాటయ్యే మలుపు కాదది. నెలనెలా కొత్త పెచ్చే అనుకుని తను తిడుతుంటే, చెయ్యి మాత్రం అదే పుండుని తప్పించుకుంటూ వచ్చింది. జుట్టు విడదీసింది. చుట్టూ మెరుస్తున్న గట్టు, మధ్యలో ఆరని రక్తపు చెమ్మ.

"ఏమే, నోరు పడిపోయిందా? తిట్టవేం?" అంది అక్క.

చెల్లెలు మెట్లెక్కి వెళ్ళి అక్క అలమర తెరిచింది. ఐదు ఖాళీ సీసాలు శుభ్రంగా కడిగి వరసగా పెట్టి ఉన్నాయి. ఆరోది అడుగంటింది. అయ్యో అక్కా, ఒక్కరోజైనా మానలేదే నువ్వు! అక్కడే నేలమీద కూలబడి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని కిందికొచ్చి, గోడ మీది క్యాలెండరు తిప్పుతూ ఆ కార్డు రాసింది.

మర్నాడు పొద్దున్నే చర్మం డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. చేతులు కడుక్కుని వచ్చి, చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. ఇవాళే, ఇప్పుడే.

"ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా ఇది?"

అక్క బల్ల కింద చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మొన్నీమధ్యేనండి. మా చెల్లి చూడ్డమే ఆలస్యం, వెంటనే తీసుకొచ్చేసింది."

చెల్లెలు ఆ చెయ్యి విడిపించుకుని, సంచిలోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఒకటే చుక్క, పక్కన ఏడు తేదీలు.

డాక్టరమ్మ వాటిని ఒక్కొక్కటే చదివింది. "ఇవి ఎవరు రాశారు?"

"నేనేనండి. ఏడూ నిన్ననే రాశాను."