ఆ ఇంటి అరటి నేను పెట్టించిందే

నేను ఏళ్ళ తరబడి మోస్తున్నది ఒక అరటిచెట్టు బరువు. నవ్వితే నవ్వండి. నేను ఎవరినీ చంపలేదు, ఎవరి కొంపకూ నిప్పు పెట్టలేదు. ఒక ఇంటి పెరట్లో, గోడ పక్కన, గెల వేసిన అరటిని నాటించాను. అంతే. ఆ ‘అంతే’ అన్న మాటను అడ్డం పెట్టుకునే ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాను. ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను.

నా పని ఇళ్ళను ముస్తాబు చేయడం. హోసూరులో అమ్మకానికో అద్దెకో పెట్టిన ఇల్లు నెలల తరబడి ఎవరూ తీసుకోకుండా పడి ఉంటే బ్రోకర్లు నన్ను పిలుస్తారు. హోమ్ స్టేజింగ్ అని కార్డు కూడా వేయించుకున్నాను. ఖాళీ ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళకు గోడలూ మరకలే కనబడతాయి. అదే గదిలో ఒక మంచం, దాని మీద ఉతికిన దుప్పటి, కిటికీకి పలచటి తెర ఉంటే చాలు, నిలబడ్డ చోటే మనసులో కాపురం పెట్టేస్తారు. జూజువాడిలో రోడ్డు పక్క ఇల్లొకటి లారీల రొదకు ఎవరూ అద్దెకు రాక అలాగే ఉండిపోయింది. మంచాన్ని వెనక గదిలోకి మార్చి, ముందు కిటికీలకు మందపాటి తెరలు కట్టాను. వారం తిరక్కుండా మనుషులు దిగారు. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. అందులో తప్పేముంది? లారీలు ఉన్నాయని వాళ్ళకు తెలుసు. వాటి పక్కన ఎలా నిద్రపోవచ్చో నేను చూపించాను.

మరి తప్పు ఎక్కడ మొదలైంది? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. అడిగిన ప్రతిసారీ బ్రోకరును తిట్టుకున్నాను, ఇంటి యజమానిని తిట్టుకున్నాను, చివరికి కొన్నవాళ్ళను కూడా తిట్టుకున్నాను. ఇంతింత కళ్ళు పెట్టుకుని చూసుకోవద్దా అని. ఎంత సిగ్గుమాలిన మాట అది. వాళ్ళు చూసుకున్నారు. బాగా చూసుకున్నారు. అందుకే మోసపోయారు.

ఆ ఇల్లు కెలమంగలం పోయే దారిలో, కొత్తగా వేసిన లేఅవుట్లో ఉంది. అటూ ఇటూ ఖాళీ సైట్లే. ఇంటికి వంక పెట్టడానికి లేదు. రెండు గదులు, గాలి, వెలుతురు, వెనక పశువులు కట్టుకునేంత పెరడు. లేనిదల్లా నీళ్ళు. బోరు వేస్తే రాయి పడింది. వానాకాలంలో పైనుంచి దిగిన వాననీళ్ళు కాసేపు పోస్తుంది, ఎండాకాలంలో గాలి వస్తుంది. యజమానికి ఆ సంగతి తెలుసు, బ్రోకరుకు తెలుసు. మోటరు వేయించి చూసినవాళ్ళందరికీ తెలిసిపోయి, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

అప్పుడు వేప్పనపల్లి దగ్గర పల్లె నుంచి ముసలి దంపతులు చూడ్డానికి వస్తారని తెలిసింది. కొడుకు హోసూరులో ఫ్యాక్టరీ పనికి పోతున్నాడు, కొత్తగా పెళ్ళయింది. మామిడితోట అమ్మి, అందరూ ఒకే చోట ఉండేటట్టు ఇల్లు కొనుక్కుని, ఉన్న రెండు ఆవులనూ తోలుకొచ్చి పాలు పోసుకుందామని వాళ్ళ ఆశ. బ్రోకరు ఉపాయం సిద్ధం చేసుకున్నాడు. మా దగ్గర నెలకొకసారి మరమ్మతుల కోసం పొద్దంతా కరెంటు ఆపుతారు, ఏ రోజన్నది ముందే చెబుతారు. సరిగ్గా ఆ రోజు ఇల్లు చూపిస్తే మోటరు వేసే పని ఉండదు. పైన ట్యాంకును ట్యాంకరు నీళ్ళతో నింపేస్తే కొళాయి బాగానే పోస్తుంది.

“పల్లె వాళ్ళమ్మా, సోఫాకి పడరు. నువ్వు ఊరికే ఊడ్చి శుభ్రంగా పెట్టు చాలు” అన్నాడు నాతో.

నేను అక్కడితో ఆగిపోయి ఉండాల్సింది. అంతకు మించి చెయ్యమని నన్ను ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళయినా మంటగా ఉండేది అదే. వాళ్ళు దేనికి పడతారో అతనికి తెలియదు. నాకు తెలుసు. మాదీ సేద్యమే. బోరు ఎండిపోయి, మల్బరీ ఎండిపోయి, పట్టుపురుగుల తట్టలు మూలన పడేసి మా నాయన హోసూరుకు కూలికొచ్చాడు. కొత్త చోటికి పోతే ఆయన ఇంటిని చూడడు, ఇంటి వెనక తడిని చూస్తాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ దొంగను నేనే.

వాళ్ళు రావడానికి కొన్ని వారాల ముందే మా ఊరివైపు తోట నుంచి, గెల వేసిన అరటిని మొదలు చుట్టూ మట్టిగడ్డతో, పిలకలతో సహా పెళ్ళగించి ట్రాక్టరులో తెప్పించాను. బట్టలుతికే బండ పక్కన నాటించాను. చుట్టూ తడిలో పెరిగే చేమ మొక్కలు వేయించాను. ట్యాంకరు నీళ్ళు పోయించాను. ఊళ్ళో అందరూ ఇల్లు చూపించే ముందు పాచి గీకి కడిగిస్తారు. నేను పులిసిన మజ్జిగ నీళ్ళలో కలిపి గోడ మొదట్లో, బండ మీద చల్లించి, గోనెసంచి కప్పి, పాచి పెంచాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. పైన పటారం లోన లొటారం అని పక్కవాళ్ళ ఇళ్ళను ఎగతాళి చేసే నోరే నాది.

వాళ్ళు వచ్చారు. పెద్దాయన కొళాయి తిప్పాడు. నీళ్ళు దూకాయి. ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు.

“ఇవి ట్యాంకు నీళ్ళు. మోటరు వెయ్యప్పా, చూస్తాము” అన్నాడు.

“ఈ పొద్దు కరెంటు నిలిపినారప్పా. సాయంత్రానికి గాని రాదు” అన్నాడు బ్రోకరు.

“రానీ. సాయంత్రం దాకా ఈడే కూచుంటాము. మాకేం పని?”

బ్రోకరు నావైపు చూశాడు. అంతలో పెరట్లోంచి పెద్దమ్మ పిలిచింది. “ఇట్లా రా, ఈ అరిటిని చూడు.” ఆయన పోయాడు. వెనకే నేనూ పోయాను. ఆమె అరటి మొదట్లో మట్టిని వేలితో నొక్కి చూసి నావైపు తిరిగింది.

“ఎన్నాళ్ళ చెట్టమ్మా ఇది?”

“తల్లిచెట్టు మూడేండ్ల కింద పెట్టింది. ఇది దాని పిలకమ్మా.”

“నీళ్ళు యాడనుంచి పెడతారు?”

“పెట్టేదేముందమ్మా. మొన్నటిదాకా ఈడ ఉండినోళ్ళు బట్టలుతికిన నీళ్ళే. ఈడ తడి ఆరేదే లేదు.”

“నీది ఏ ఊరు?”

“కెలమంగలం పక్కన. మాదీ సేద్యమే.”

ఆమె నా చెయ్యి పట్టుకుంది. “మన పిల్లే” అంది ఆయనతో. పెద్దాయన బండ మీది పాచిని కాలి బొటనవేలితో గీకి చూశాడు. గెల వంక చూశాడు. “అరిటి గెలేసిన చోట మోటరు చూసేదేముంది. రాండి, పోదాము” అన్నాడు. సాయంత్రం దాకా కూర్చుంటానన్న మనిషి మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయాడు. బ్రోకరు చెయ్యలేని పని నా అరటి చేసింది.

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. కొత్త కోడలు నిండు బిందె చంకన పెట్టుకుని, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది. సన్నటి పిల్ల, బిందె బరువుకు పక్కకు ఒరిగిపోయింది. ఆ నీళ్ళూ ట్యాంకరువే. అరటి పండాక పెద్దమ్మ బ్రోకరు చేతికిచ్చి నాకు ఒక అత్తం పండ్లు పంపించింది. తిన్నాను. ఎలా తిన్నావని అడగకండి. తియ్యగా ఉన్నాయి.

ఇప్పటిదాకా చెప్పిందాన్ని ఈ ఊళ్ళో చాలామంది వ్యాపారం అంటారు. మర్యాదగా ప్రెజెంటేషన్ అంటారు. వాళ్ళ మీద నాకు కోపం. ఆ మాట నేర్చుకుని నేనూ వాడినందుకు నా మీద ఇంకా కోపం. కానీ అసలు తప్పు ఇక్కడ లేదు.

మరుసటి ఎండాకాలం, అదే వీధిలో ఇంకో ఇల్లు సర్దే పని వచ్చి పోయాను. ట్యాంకరు దగ్గర ఆ కోడలు రెండు చేతుల్లో బిందెలతో నిలబడి ఉంది. పెరటి గోడ మీదుగా అరటి కనిపించింది, ఆకులన్నీ ఎండి వేలాడుతున్నాయి. కొట్టం ఖాళీగా ఉంది. ఆవులను రెంటినీ అమ్మేశారట. పెద్దమ్మ నన్ను చూసి గేటు దగ్గరికి వచ్చింది. దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

“రామ్మా. నువ్వు చూసినావు కదా, ఈడ నీళ్ళు ఎట్లా ఉండినాయో. పాచి పట్టి ఉండె. అరిటి గెలేసి ఉండె. ఈ కోడలు కాలు పెట్టింది, బోరు ఎండిపోయింది. చెప్తే నా కొడుకు నమ్మడు. నువ్వే చెప్పు, నీళ్ళు ఉండినాయా లేదా?”

నీళ్ళతో గేటు దాకా వచ్చిన ఆ పిల్ల బిందెలు దించలేదు. నా వైపే చూసింది. ఏదో ఒకటి నేను చెబుతానన్నట్టు చూసింది. ఒక్క మాట చాలు. ‘లేవమ్మా, ఎప్పుడూ లేవు’ అంటే చాలు. నా కార్డు పోతుంది, బ్రోకర్లు పిలవడం మానేస్తారు, నాలుగు తిట్లు పడతాయి. ఆ పిల్ల మాత్రం బతికిపోతుంది.

నేను తల ఊపాను. ఉండినాయి అన్నట్టు.

కోడలు చూపు తిప్పుకుని లోపలికి పోయింది. మా అమ్మకు కూడా ఇదే మాట పడింది. బోరు ఎండితే మా నాయనమ్మ రాతిని తిట్టలేదు, వానను తిట్టలేదు, అమ్మ కాలును తిట్టింది. చిన్నప్పుడు అది విని పళ్ళు కొరుక్కున్న పిల్లను నేను. భూమిలో నీళ్ళు లేకపోవడానికి కోడలి కాలికి ఏం సంబంధమని అరిచినదాన్ని. అంత అరిచిన నోరు ఆ గేటు దగ్గర ఏమైంది?

తరవాత ఆ వీధికి పోలేదు. ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉందో, పుట్టింటికి పంపేశారో తెలియదు. కనుక్కోవడం కష్టం కాదు, కనుక్కోలేదు. ఆ దారిన పోయే బస్సు ఎక్కితే ఇప్పటికీ రెండో వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. క్షమించడానికి మీరెవరు? ఒకసారైనా పూర్తిగా చెప్పాలి, అందుకు రాస్తున్నాను. ఆ బోరులో నీళ్ళు ఎప్పుడూ లేవు. ఆ పిల్ల కాలు పెట్టకముందూ లేవు, పెట్టాకా లేవు. అరటి నేను పెట్టించాను. పాచి నేను పెంచాను. అడిగినప్పుడు తల ఊపింది నేను.

చెప్పేశాను. నాకు కాస్త ఊపిరి ఆడుతోంది. ఆ బిందెలు మాత్రం ఇంకా ఆ పిల్ల చేతుల్లోనే ఉన్నాయి.