మూట విప్పే దేముడుబాబు

కట్టిన మూట కంటపడితే దేముడుబాబు చేతులు ఊరుకోవు. ఎవరిదైనా సరే, విప్పాలి. లోపలున్న దాంట్లో సగం తీసి బయట పెట్టాలి. "ఇది అక్కడుంటాది కదండి, ఇక్కడ్నుంచి ఎందుకు మోత?" అనాలి. అప్పటిదాకా ఆయనకు కాఫీ కూడా దిగదు.

పద్మారావు నగర్‌లో, జాకెట్లు కుట్టే దుకాణం పైనున్న ఓ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయనతో పని చేయించుకోవాల్సిన ఖర్మ కల్పలతది. పేరుకు ఆమె టీమ్ లీడర్. కానీ ఆమె టిఫిన్ సంచిలో చెంచా ఉండకూడదు, ఆఫీసులో ఉంది గనక. గొడుగు ఉండకూడదు, వానొస్తే కింద టైలరు ఇస్తాడు గనక.

ఒకసారి ఆఫీసంతా కలిసి అనంతగిరి కొండల్లో గెస్ట్‌హౌస్‌కు బయల్దేరింది. దేముడుబాబు కారు డిక్కీ తెరిచి పళ్లేలు, స్టవ్, చివరికి అగ్గిపెట్టె కూడా దింపేశాడు.

"ఫోన్ చేసి కనుక్కున్నానండి. అక్కడ అన్నీ ఉన్నాయంట."

ఉన్న మాట నిజమే. తాళం వేసిన గదిలో ఉన్నాయి. తాళంచెవి చుట్టాల పెళ్లికి పోయిన వాచ్‌మన్ జేబులో ఉంది. ఆ రోజు అందరూ పచ్చి టమాటాలు కొరుక్కుంటూ ప్రకృతి సౌందర్యాన్ని చూశారు.

"మా ఇండ్లల్ల పెండ్లిళ్లకు గిట్ల రాకున్రి సార్," అంది కల్పలత పళ్లు నూరుతూ. "పెండ్లికొడుకును సుత బండ్లకెల్లి దింపేస్తరు!"

"అక్కడ ఇంకోడుంటే దించెయ్యాలి కదండి," అన్నాడాయన, నవ్వకుండా.

ఇలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం మూటలు కట్టడమే. కంప్యూటర్లో వెబ్ అప్లికేషన్ తయారయ్యాక, దానికి కావలసిన లైబ్రరీల పేర్లు, అంటే ఇతరులు ముందే రాసిపెట్టిన ప్రోగ్రాముల పేర్లు రాసిస్తే, బిల్డ్ టూల్ అనే సాధనం వాటిని తెచ్చి, అన్నీ కలిపి ఒక్క మూటగా కట్టి సర్వర్‌కు పంపుతుంది. చిక్కల్లా, ఒక్క లైబ్రరీని పిలిస్తే అది తన బంధుబలగాన్నంతా వెంటబెట్టుకొస్తుంది. వాటిలో కొన్ని సర్వర్ దగ్గర ముందే ఉంటాయి. ఒకే పనికి ఇద్దరు తయారైతే పని మానేసి ఇద్దరూ తన్నుకుంటారు.

"మేడమ్, తేదీ చూపించడానికి ఒకణ్ణి పిలిచారు. బాగానే ఉంది. ఆడి వెనకాల ఈ మందేటండి?"

"అవి ఆటోమేటిక్‌గ వస్తయి సార్!"

"వస్తే గుమ్మంలోనే ఆపాలండి. పిలవకుండా ఎవలొచ్చినా ఆకులేసేస్తామేటి?"

"ఆకులు మీ ఇంట్ల ఎయ్యట్లేదు కదా! నన్నెందుకు పరేషాన్ చేస్తున్నరు?"

రోజూ ఇదే తంతు. ఆమె ఒకటి పెట్టడం, ఆయన తీయడం. ఆమె పోరాడి నిలబెట్టుకున్నది ఒక్కటే, పూలవాన. ఫారం పంపగానే తెర మీద గులాబీ రేకులు జలజలా రాలే సోకు.

ఆ అప్లికేషన్ సీతాఫల్‌మండి ఇంటిపనివారి సంఘం కోసం. ఉంగరం కనబడకపోతే మంచం కింద వెతికే ముందు పనిమనిషి సంచి వెతికే నగరం మనది. ఎగ్గొట్టిన జీతాలనూ, గేటు దగ్గర జరిగే అవమానాలనూ ఫోన్లోంచే సంఘానికి చెప్పుకునే ఏర్పాటు అది. ఆదివారం మీటింగ్‌లో ప్రారంభిస్తామని సంఘం అధ్యక్షురాలు నాంచారమ్మకు కల్పలత మాటిచ్చింది.

"మాటలు మస్తుమంది ఇచ్చిన్రు బిడ్డా," అంది నాంచారమ్మ. "నువ్వన్న పని ఇయ్యి."

శనివారం మధ్యాహ్నం మూట కట్టి పంపితే, బరువెక్కువైందని సర్వర్ వెనక్కి కొట్టింది. కల్పలత మూట విప్పింది. లోపల అంత లావున్నదెవరా అని చూస్తే, తను ఎన్నడూ పిలవని లైబ్రరీ ఒకటి గున్న ఏనుగులా కూర్చుని ఉంది. పెట్టింది ఎవరో చూసి ఆమె ఎగిరి గంతేసినంత పని చేసింది.

"ఏంది సార్ గిది? నా చెంచా సుత తీయించిన్రు, మీరు ఏనుగును తెచ్చి పెట్టుకున్నరా? తీయున్రి!"

"తీయనండి."

ఆఫీసులో తలలన్నీ ఇటు తిరిగాయి. దేముడుబాబు నోట 'తీయను' అన్న మాట ఎవరూ విని ఎరుగరు.

"ఎందుకు తీయరు?"

ఆయన గొంతు తగ్గించాడు. "మొన్న సంఘంలో మనం స్క్రీన్లు చూపిస్తే, సుబ్బులు అని ఒకావిడ అన్నిటికీ బాగుంది బాగుందంది, గుర్తుందా? చదివి చెప్పమంటే కళ్లద్దాలు తేలేదంది. ఆవిడకి కళ్లద్దాలే లేవండి. చదువు రాదని నలుగురిలో సెప్పలేకపోయింది. ఇది తెలుగులో చదివి వినిపిస్తాది, సెప్పింది రాసుకుంటాది. సర్వర్లో ఇలాంటిది లేదు, వాళ్ల ఫోన్లలోనూ లేదు. ఎక్కడా లేనిది మనమే మొయ్యాలి కదండి. దీనికి చోటు సరిపోవాలనే ఆ రోజు నుంచి మీ అందరివీ మరీ దింపుతున్నాను."

"గా ముచ్చట ముందుగాల చెప్తే ఏం పోయింది సార్?"

"ఆవిడ దాచుకున్న మాట నానెలా సెప్తానండి?"

కల్పలతకు కోపం తగ్గలేదు, కానీ ఎవరి మీదో తెలియలేదు. "సరే, ఇంకేం తీద్దాం?"

"అడిగారు కాబట్టి సెప్తన్నాను. జీతం ఎగ్గొట్టారని ఒకావిడ గోలెడితే, పైనుంచి పూలు జల్లుతామేటండి?"

ఆమె మొహం మాడ్చుకుని, పూలవానను తన చేత్తోనే పీకేసింది. మూట వెళ్లింది. సర్వర్ నోరెత్తకుండా తీసుకుంది.

ఆదివారం సంఘం గదిలో సుబ్బులు భయం భయంగా ఫోన్ మీద వేలు పెట్టింది. లోపల్నుంచి ఓ మెత్తని గొంతు, "నమస్కారమండీ. మీకు వచ్చిన ఇబ్బంది ఏమిటో చెప్పండి," అంది. సుబ్బులు వెనక్కి తిరిగి ఎవరున్నారా అని చూసింది.

"నన్నేనా, అండీ అంటున్నది?"

"నిన్నేనే," అంది నాంచారమ్మ.

సుబ్బులు మళ్లీ నొక్కింది. మళ్లీ విన్నది. ఆమె ముఖం విప్పారింది. తర్వాత గోడ పక్కన నిలబడ్డ దేముడుబాబు వైపు తిరిగింది.

"సారూ, దీన్ని జెర నేను పనిజేసే బిల్డింగోళ్లకు సుత ఎక్కించున్రి. మాట్లాడుడు నేర్చుకుంటరు."