పిన్ని గడ్డ ఏ ఇంటిది

మా పిన్నికి మెడ కింద, కాలర్ ఎముక పైన, చింతగింజంత గడ్డ లేచింది. చుట్టూ అరవం మాట్లాడే ముత్తియాల్‌పేటలో చీరల కొట్టు నడిపే మనిషి, పైట సర్దుకుని నెలల తరబడి దాన్ని దాచింది. నేనేమో ఆస్పత్రిలో గడ్డల ముక్కలను మైక్రోస్కోపు కింద చూసే డాక్టర్ని. నాకు చూపిస్తే ముక్క తీయిస్తానని ఆమె భయం. చూసిన రోజు కోపం ఆపుకోలేక నానా మాటలూ అని, బలవంతంగా తీసుకెళ్లి ముక్క తీయించాను.

క్యాన్సరే. కానీ అది పుట్టింది మెడలో కాదు, వేరే ఎక్కడినుంచో వచ్చి అక్కడ చేరింది. స్కానుల్లో రొమ్ము శుభ్రంగా ఉంది, ఊపిరితిత్తులూ శుభ్రమే. పుట్టిల్లు తెలిస్తేగాని సరైన మందు లేదు.

ఎవరైనా కొత్తవాళ్లు తెలుగు మాట్లాడితే చాలు, పిన్ని మొదట అడిగేది ఇంటిపేరే. తెలుగు అక్షరం చదవడం రాదు, తన ఇంటిపేరున్న ఊరు యాడుందో కూడా తెలియదు. ఆ అలవాటుతోనే నాతో అంది: “ముందు దీని ఇంటిపేరేందో కనుక్కోవే. యాడ్నించి వచ్చిందో తెలీకుండా నాకు మందులు పొయ్యొద్దు.”

సొంతమనిషి గనక రిపోర్టు మా పెద్ద డాక్టరుగారికి వదిలేసి, పక్కన కూర్చుని చూశాను. మామూలు రంగుల్లో ఆ కణాలకు ఏ అవయవం పోలికా లేదు. వరస లేదు, ఆకారం లేదు. ఊపిరితిత్తుల గుర్తుకు వేసిన రంగు అంటలేదు. తర్వాత గాటా-3కి వేశారు. జన్యువుల మీద కూర్చుని, ఏది తెరుచుకోవాలో ఏది మూసుకోవాలో చెప్పే ప్రోటీన్, అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ అది. రొమ్ము నాళాల లోపలి పొరకు నువ్వు ఫలానా అని నేర్పేది అదే. అది చెడినా, మాయమైనా క్యాన్సర్ మరింత మొండికెత్తవచ్చు.

కణం నడిమధ్యన గోధుమరంగు, అంటే గాటా అక్కడ ఉంది. ఒకటి కాదు, చూసినంత మేరా. దారి తప్పి, రూపం చెడి, ఇంత దూరం వచ్చి పడ్డా, తనదేదో ఆ కణం మరిచిపోలేదు! ఇన్నేళ్లుగా చూస్తున్నా ఈ వింత నాకు పాతబడలేదు.

గాటా మూత్రాశయంలోనూ ఉంటుంది గనక ఈస్ట్రోజన్ రిసెప్టర్‌కు కూడా రంగు వేశారు. హార్మోన్ చెప్పిన మాట అందుకుని జన్యువులను నడిపే ఫ్యాక్టరే అదీ. అదీ గోధుమరంగులోనే వచ్చింది. స్కానుకు కనబడనంత చిన్నగా ఎక్కడో దాగినా, అది రొమ్ముదేనని తేలింది. ఇంకా హార్మోన్ మాట వింటున్న కణాలు గనక, ఆ మాట అందకుండా మాత్రలతో అడ్డం పడవచ్చు. పూర్తిగా పోతుందని చెప్పలేం, కానీ చాలాకాలం అదుపులో ఉంచవచ్చు.

పిన్ని తనూ చూస్తానంది. స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను ఎట్లా మూయాలో చూపించాను. ఇదంతా తనేనా అని అడిగితే, నువ్వేనన్నాను. కణాలు హార్మోన్ మాట వినడమంటే ఏమిటో, మాత్ర ఏం చేస్తుందో మళ్లీ చెప్పించుకుంది.

కన్ను తియ్యకుండానే అంది: “నేను ఎవురి మాటా వినలేదు గదే. ఇదన్నా వింటా ఉంది.”