యాక్సిడెంట్ కేసులన్నీ ఆ సారువే

మా ఊళ్ళో ఎవరిని అడిగినా ఒక వకీలు తెలుసంటారు. భూముల ధరలకు రెక్కలొచ్చాక భానూర్ చుట్టుపక్కల అన్నదమ్ములు పెళ్ళిళ్ళలో కంటే కోర్టులోనే ఎక్కువ కలుసుకుంటున్నారు. కాబట్టి రాంగ్ రూట్లో వచ్చిన లారీ గుద్ది మా ఆయన కాలు విరిగినప్పుడు, వకీలును వెతకడం ఏం పెద్ద పని అనుకున్నాను.

మా ఆయన పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కంపెనీ బస్సు దిగగానే నాకు ఫోన్ చేసేవాడు. "దిగిన, బియ్యం పెట్టు" అంటే నేను ఎసట్లో బియ్యం పోసేదాన్ని. వేడి వేడి అన్నం లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. ఆ రోజు కూడా ఫోన్ చేశాడు. "బియ్యం" అన్నాడు. తర్వాత హారన్ మోత, ఆ తర్వాత ఎవరెవరో హిందీలో అరుపులు.

కాలిలో రాడ్డు వేశారు. ఇంకో ఆపరేషన్ చేస్తే గాని నిలబడి పనిచేయలేడన్నాడు డాక్టరు. మా చేతిలో ఉన్నదంతా మొదటిదానికే ఊడ్చుకుపోయింది. కేసు గెలిస్తేనే రెండోది.

మా ఆయన అన్న, అంటే బావ, నన్ను సంగారెడ్డిలో తన వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన నా గోడంతా విని, "సర్వే నంబర్ ఎంత?" అన్నాడు.

"భూమి కాదు సారూ, కాలు" అన్నాను.

ఆయన బావ వైపు చూశాడు. బావ ఫ్యాన్ వైపు చూశాడు. "గిసొంటి కేసులు నేను పట్టనమ్మా" అని ఆయన లేచాడు. బయటికొచ్చాక బావ, "మంచి వకీలే, నా గట్టు పంచాయితీ గెలిపిచ్చిండు" అన్నాడు. గట్టుకూ కాలికీ ఏం సంబంధమో అడగాలని నాలుక దాకా వచ్చింది. పెద్దాయన కదా అని మింగేశాను.

కోర్టు ఎదుట చాయ్ బండి అతన్ని అడిగితే, "యాక్సిడెంట్ కేసులా? అన్నీ ఆ సారువే అమ్మా. ఆ సారు లేని యాక్సిడెంట్ కేసే లేదు ఈడ" అని మేడ మీది ఆఫీసు చూపించాడు. బావ చాయ్ దగ్గరే ఆగిపోయాడు. నేనొక్కదాన్నే మెట్లెక్కాను.

సారు వయసు మళ్ళినవాడు. "ఏమైంది బిడ్డా?" అన్నాడు. ఆస్పత్రిలో కాగితాలు అడిగారు, పోలీస్ స్టేషన్‌లో బండి నంబరు అడిగారు. ఏమైందని మాత్రం అప్పటిదాకా ఎవరూ అడగలేదు. అంతే, నాకు కట్ట తెగింది. ఆయన రెండుసార్లు చెయ్యెత్తాడు. ఏడవొద్దంటున్నాడనుకుని, కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఫోను సంగతి కూడా చెప్పాను. రోడ్డు దాటుతూ నాతోనే మాట్లాడుతున్నాడనీ, బియ్యం అన్న మాట దగ్గర ఆగిపోయిందనీ.

"జెర ఆగు తల్లీ" అన్నాడు చివరికి. "నేను ఇన్సూరెన్స్ కంపెనీల వకీల్‌ను. నువ్వు కేసేస్తే నీ ఎదురుంగ నిలబడేది నేనే. ఇదంత నువ్వు నాకు చెప్పొద్దుండె."

"మరి యాక్సిడెంట్ కేసులన్నీ మీవే అన్నరు గద సారూ?"

"నావే. అవతలి దిక్కు."

దొంగ చేతికి తాళాలిచ్చినట్టయిందా అని భయం వేసింది. కానీ దొంగలా లేడు. మంచినీళ్ళు తెప్పించాడు. కింద మెట్ల పక్కన కూర్చునే వకీలమ్మను కలవమన్నాడు. ఎదుటి పక్షం వాడు చూపించిన వకీలును ఎవరైనా పెట్టుకుంటారా? బావను అడిగితే, "అండ్ల ఏందో మతలబున్నది, వద్దు" అన్నాడు. సర్వే నంబరు గుర్తొచ్చింది. బావ వద్దన్నాడు కాబట్టి పోయాను.

వకీలమ్మకు జరిగింది చెబితే తల పట్టుకుంది. "ఫోన్ సంగతి అడిగితే అబద్ధం చెప్పొద్దు. కేసు పోదు గని, మీ తప్పు గూడ ఉందని వచ్చే పైసలు తగ్గిస్తరు" అంది. తగ్గితే ఆపరేషన్ లేదు. వకాలత్ కాగితం మీద మా ఆయనతో సంతకం పెట్టించాను. నేను ఎవరి దగ్గర ఏం వాగొచ్చానో మాత్రం ఆయనకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

వాయిదాల మీద వాయిదాలు పడి, మా ఆయన సాక్ష్యం చెప్పే రోజు వచ్చింది. నేను వెనక బెంచీ మీద కూర్చుని తలుపు వైపే చూస్తున్నాను. ఆ సారు రాలేదు. ఫైలు పట్టుకుని ఇంకో వకీలు వచ్చాడు. జీతమెంత అన్నాడు, చూడకుండా దాటినవు కదా అన్నాడు.

"చూసే దాటిన సార్. లారీయే రాంగ్ రూట్ల ఒచ్చింది" అన్నాడు మా ఆయన.

ఆ వకీలు ఫోను మాట ఎత్తలేదు. కూర్చున్నాడు.

"పెద్ద సారు ఏడి?" అని వకీలమ్మ చెవిలో అడిగాను.

"ఈ ఒక్క ఫైల్ కంపెనీకి వాపస్ ఇచ్చేసిండట. ఎందుకో ఎవలకు చెప్పలేదట" అని ఆమె నా మొహంలోకి చూసింది.

గుండె మీది బండ దిగినట్టయింది. వెంటనే సిగ్గేసింది. నా నోటి తొందరకు ఆయన పని పోగొట్టుకున్నాడా? లేక నేను లేనిపోనిది ఊహించుకుంటున్నానా? మెట్లు దిగుతుంటే ఆ సారే ఎదురొచ్చాడు. దండం పెట్టబోయాను. నన్నెన్నడూ చూడనట్టు తల దించుకుని, మా ఆయన చేతికర్రకు దారిచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఎవరే ఆయన?" అన్నాడు మా ఆయన, కిందికి వచ్చాక.

"వకీల్ సాబ్."

"ఎవరి వకీల్?"

"అవతలి దిక్కు" అనబోయాను. ఆ మాట నోట్లోనే ఉంచుకుని, మెట్ల వైపు తిరిగి దండం పెట్టాను.