కచేరీ వెనకాల మార్త ఫ్లాటు

మార్త కొత్త ఫ్లాటులో గృహప్రవేశానికి ప్రతిష్ఠ ప్రార్థన అనకపోతే, ఈ మోకాళ్లతో నేను అరకు కొండలు ఎక్కేదాన్ని కాదు. టీచరు ట్రైనింగు రోజుల్లో మార్త విశాఖపట్నంలో మా ఇంట్లో అద్దెకుండేది. ఇప్పుడు హుకుంపేట వెళ్లే దారిలో ఒక ఊళ్లో, గిరిజన ఉద్యోగుల సొసైటీ వాళ్లు తెల్లదొరల నాటి నుంచి సర్కారు ఆఫీసుగా నడిచిన పాత కచేరీని బాగు చేయించి, దాని చుట్టూ మూడు వైపులా ఫ్లాట్లు కట్టుకున్నారు. అందులో ఒకటి మార్తది.

పొద్దున్న ఏడు కాకుండానే కిరండూల్ పాసింజరు ఎక్కాను. లోయలు చూడాలంటే కుడివైపు కూర్చోవాలని అందరూ చెబుతారు. ఆ మాట నాకన్నా ముందు విన్నవాళ్లంతా కుడివైపు కూర్చుని ఉన్నారు. నా పక్కన ఒక రిటైరైన బ్యాంకు ఆఫీసరుగారు పల్లీల పొట్లం విప్పి, నేను ఎక్కడికి వెళ్తున్నానో ఆరా తీశారు.

"ఏసీ ఖర్చుండదు కదండీ. నేనూ ఒక ఫ్లాటు బుక్ చేస్తాను, నంబరిప్పించండి" అన్నారు.

ఏజెన్సీలో గిరిజనులు కానివాళ్లు కొనడానికి చట్టం ఒప్పుకోదండీ అన్నాను. అప్పటిదాకా నా వైపు జరుపుతున్న పొట్లాన్ని ఆయన తన ఒళ్లోకి లాక్కున్నారు. శృంగవరపుకోటలో ఇడ్లీ కొనుక్కుని నా ఆకలి నేనే తీర్చుకున్నాను.

అరకులో దిగేసరికి పదకొండు. స్టేషను బయట షేరాటో దొరుకుతుంది, కానీ నిండేదాకా కదలదు. నిండడమంటే ఏమిటో డ్రైవరు లెక్క వేరు. ఊపిరి బిగబట్టుకుని పన్నెండింటికి కచేరీ గేటు ముందు దిగాను.

భవనం నిజంగా బాగుంది. మూరెడు మందం గోడలకి కొత్త సున్నం, పైన పెంకులు, ముందు పొడుగాటి వరండా, అందులో బల్లలు. బాగు చేసినవాళ్లకి శ్రద్ధ ఎక్కువై పాత బోర్డుకి కూడా కొత్త రంగు వేయించారు: "పిలుచువరకు ఇచ్చట వేచియుండవలెను." ముప్పైమూడేళ్లు కలెక్టరాఫీసులో టైపిస్టుగా చేసిన దాన్ని, నాకే కాళ్లు ఆగాయి. ఆ వరండా దాటితేనే వెనక ఫ్లాట్ల మెట్లు వస్తాయి.

మూడో అంతస్తులో మార్త ఏడుపు మొహంతో తలుపు తీసింది. పన్నెండున్నరకి ప్రార్థన. వాళ్ల అమ్మ సుకిరి, చుట్టాలు జీపుల్లో బయలుదేరారుగానీ ఇంకా రాలేదు. ఫోన్లన్నీ స్విచాఫ్.

"అమ్మకి ఈ ఇల్లు ఇష్టం లేదాంటీ. కచేరీలో కాపురమేటే అంది మొదట్నుంచీ. దార్లోంచి వెనక్కి పోయుంటుంది. అమ్మ లేకుండా నేను ప్రార్థన చేయించను" అంది.

పాస్టరుగారికి రెండింటికి ఇంకో ఊళ్లో ప్రార్థన ఉంది. ఆయన కళ్లు గడియారం మీద ఒకసారి, పులావు గిన్నె మీద రెండుసార్లు పడుతున్నాయి. ఒంటిగంట కొట్టింది. రోడ్డు మీద చూసొస్తానని నేను కిందికి దిగాను.

వరండాలో ఇరవై మంది ఉన్నారు. ఉతికిన బట్టలు కట్టుకుని, చెప్పులు మెట్ల కింద వరసగా విడిచి, చప్పుడు చేయకుండా బల్లల మీద కూర్చున్నారు. చివర ముక్కుకి మూడు నత్తులతో ఒక ముసలమ్మ. మార్త మొహమే.

"పైకి రారేమమ్మా? అన్నం చల్లారిపోతోంది" అన్నాను.

"పిలవనేదు గదమ్మా" అంది.

చదువుకున్న మనవరాలు బోర్డు చదివి వినిపించిందట. కచేరీలో మోగితే తిడతారని ఫోన్లు కూడా ఆపేశారు. ఇది ఇప్పుడు ఆఫీసు కాదు, ఆ బోర్డు అలంకారానికని ఎంత చెప్పినా ఒక్కరూ కదల్లేదు. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

సుకిరి నెమ్మదిగా చెప్పింది. "మా ఆయన పోడు భూమి పట్టా కోసరమని ఈడికే ఒచ్చినాడమ్మా. నానూ ఒచ్చినాను. మూడు రోజులు ఈ బల్ల మీదే కూకున్నాం. పిలవనేదు. పిలవకండా నోపలికెల్తే తోసేసినారు. మల్లీ ఆయన కొండ దిగనేదు, అలాగే పోనాడు. నా కూతురి గుమ్మంకాడ నన్నెవలైనా తోసేత్తే?"

నా నవ్వు ఆగిపోయింది. మనవరాలి చేత పేర్లన్నీ కాగితం మీద రాయించుకుని, కచేరీ గుమ్మంలో నిలబడ్డాను. బంట్రోతు కేకలు ముప్పైమూడేళ్లు విన్నాను, ఆ రాగం నాకు బాగా వచ్చు. ఒక్కొక్క పేరూ మూడేసిసార్లు పిలిచాను. పిలిచిన వాళ్లు పిలిచినట్టు లేచి, తల వంచి, మెట్లెక్కారు. పై అంతస్తుల వాళ్లంతా బాల్కనీల్లోకి వచ్చి చూశారు. ఆఖరికి "పాంగి సుకిరీ" అన్నాను.

ఆమె లేచిందిగానీ కదల్లేదు. "మా ఆయన పేరు కూడా పిలుత్తావా అమ్మా? సోంబ్రా."

"పాంగి సోంబ్రా, పాంగి సోంబ్రా, పాంగి సోంబ్రా." సుకిరి మెట్లెక్కుతూ గోడ వారకి ఒదిగి, పక్కన ఇంకొక మనిషికి చోటు వదిలి నడిచింది. పైన మార్త తల్లిని పట్టుకుని ఏడ్చింది. పాస్టరుగారు ప్రార్థన క్లుప్తంగా, భోజనం వివరంగా కానిచ్చారు.

నాలుగున్నరకి విశాఖ బస్సు. వెళ్లి చూడదగ్గ చోటే. శీతాకాలం అయితే స్వెట్టరు వెంట పెట్టుకోండి, బోర్డులు నమ్మకండి. బస్సు కదలబోతుంటే సుకిరి కాళ్లు కట్టిన కోడిని కిటికీలోంచి నా ఒళ్లో పెట్టింది.

"వద్దమ్మా, ఎందుకిది?" అన్నాను.

"పనయినాది గదా. ఆయన ఆ పొద్దు కోడిని సంకనెట్టుకునే ఒచ్చినాడు. ఎవలికీ ఇవ్వకండా తిరిగట్టుకుపోనాడు" అంది.

సర్వీసంతా ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదని చెప్పుకునేదాన్ని. ఘాటు మలుపుల్లో కోడి నా ఒళ్లోంచి జారకుండా రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను.

"కోడెవలిదమ్మా?" అన్నాడు కండక్టరు.

"నాదే బాబూ. కచేరీలో పని చేసిపెట్టినందుకు తీసుకున్నాను" అన్నాను.